మూడు నెలలు ఆగమన్నారు

ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డ కనిపిస్తే కంగారు పడవద్దని పత్రికలో చదివిన ఒక వ్యాసంలో రాశారు. చెప్పడం తేలికే. మావారికి దగ్గు తగ్గక సీటీ స్కాన్ తీయిస్తే 9 మిల్లీమీటర్ల గట్టి గడ్డ బయటపడింది. మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దామన్నారు డాక్టరుగారు. ఫిల్ముల కవరు బీరువాలో చీరల కింద దాచాను. ఈయన రోజూ వెతికి తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూసేవారు, ఏదో అర్థమైనట్టు! ఆయన దగ్గితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నాకు తెలిసేది కాదు. పాత క్షయ మచ్చలూ ఇలాగే కనిపిస్తాయని, క్యాన్సర్‌ను వెతకడానికి తీసే పెట్ స్కాన్‌లో క్షయ కూడా వెలుగుతుందని ఆ వ్యాసంలో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. రెండో స్కాన్‌లో గడ్డ పెరగలేదు. అయినా రెండేళ్లు చూడాలట. తర్వాతి స్కాన్ సంక్రాంతి వెళ్లాక. అరిసెలకు పాకం పట్టనా అని అడిగితే, ఈసారి రెండు కిలోల బెల్లానికి పట్టమన్నారు.