మెకార్థీని తిట్టడం తేలిక, ఫైలును తిట్టేదెవరు?

అమెరికాలో కమ్యూనిస్టు భయం ఊపేసిన రోజుల ప్రస్తావన రాగానే అందరి నోటా వచ్చేది మెకార్థీ పేరే. విస్కాన్సిన్ సెనేటరు, చేతిలో కాగితం ఊపడం, మైకుల ముందు కేకలు, 1954లో సైన్యంతో పెట్టుకుని బోర్లా పడటం. విలన్ దొరికాడు, ఓడిపోయాడు, ప్రజాస్వామ్యం గట్టెక్కింది. అమెరికన్లకు ఇంత హాయినిచ్చే కథ మరొకటి లేదు. కాకపోతే మెకార్థీ రంగంలోకి దిగేసరికి ఆ యంత్రం మూడేళ్లుగా తిరుగుతోంది. దాన్ని బిగించింది డెమొక్రాట్ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్. మెకార్థీ అందులోంచి రాలిన పొట్టును ఏరుకుని సభల్లో చల్లాడు, అంతవరకే.

ఆయన పేరు మోగించిన అంకెనే తీసుకోండి. 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో రిపబ్లికన్ మహిళల సభలో మాట్లాడుతూ, విదేశాంగ శాఖలో 205 మంది కమ్యూనిస్టుల జాబితా తన చేతిలో ఉందన్నాడని స్థానిక పత్రిక రాసింది. 205 ఎక్కడి నుంచి వచ్చింది? 1946 జులైలో అప్పటి విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్ ఒక కాంగ్రెస్ సభ్యుడికి రాసిన జవాబులోంచి. యుద్ధకాలపు సంస్థల నుంచి బదిలీ అయి వచ్చిన సుమారు 3,000 మందిని పరిశీలించామని, 284 మందిని శాశ్వత ఉద్యోగంలోకి తీసుకోవద్దని సిఫార్సు అందిందని, వారిలో 79 మందిని తొలగించామని అందులో ఉంది. 284లోంచి 79 తీసేయండి. ఆ 205లో కమ్యూనిస్టులు ఎందరని బర్న్స్ చెప్పనే లేదు. మర్నాడు అంకె 57కు దిగింది, ఫిబ్రవరి 20న సెనేట్‌లో 81 అయింది. ఈ కొత్త అంకెల వెనక ఉన్నది 1947లో ప్రతినిధుల సభ సిబ్బంది విదేశాంగ శాఖ ఫైళ్లు తిరగేసి రాసుకున్న 108 మంది సారాంశాలు. ఆ మనిషి సొంతంగా ఒక్క గూఢచారినీ కనిపెట్టలేదు సరే, సొంతంగా ఒక్క జాబితా కూడా తయారుచేసుకోలేదు.

అసలు కథ 1947 మార్చిలో ఉంది. ఆ నెల 12న గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్లు కావాలని, సోవియట్ ప్రభావాన్ని అడ్డుకోవాలని ట్రూమన్ కాంగ్రెస్‌ను అడిగాడు. సరిగ్గా తొమ్మిది రోజులకు, 21న, 9835 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఉభయ సభలూ కిందటి నవంబరు ఎన్నికల్లోనే రిపబ్లికన్ల చేతికి పోయాయి. బయట రష్యాతో పోరు అంటూ ఇంట్లో మెతకగా ఉన్నాడన్న మాట పడకూడదు. కనుక ప్రభుత్వంలో పనిచేసే ప్రతి గుమాస్తా, ప్రతి పోస్ట్‌మ్యాన్ విధేయుడో కాదో తేల్చాలి.

తేల్చే పద్ధతి చూడండి. ముందు ఉద్యోగి పేరును ఎఫ్‌బీఐ, సివిల్ సర్వీస్ కమిషన్, సైనిక, నౌకా గూఢచార విభాగాలు, కాంగ్రెస్ వారి అమెరికా వ్యతిరేక కార్యకలాపాల కమిటీ ఫైళ్లతో సరిపోలుస్తారు. స్థానిక పోలీసులు, చదివిన బడి, పాత యజమానులు కూడా ఈ వరసలో ఉన్నారు. ఎక్కడైనా ఒక్క చెడ్డ మాట తగిలితే ఎఫ్‌బీఐ మనుషులు ఇరుగుపొరుగును విచారించడానికి బయల్దేరతారు. ఆ రిపోర్టు సొంత శాఖలో ముగ్గురు సభ్యుల విధేయతా బోర్డుకు వెళ్తుంది. ఉద్యోగికి అభియోగపత్రం వస్తుంది, లాయరును తెచ్చుకోవచ్చు, సాక్షులను తెచ్చుకోవచ్చు. అప్పీలుకు పైన సమీక్షా బోర్డు ఉంది. కాగితం మీద న్యాయస్థానాన్ని మించిన మర్యాద.

మర్యాద అంతా ఒక్క నిబంధన దగ్గర ఆవిరైంది. సమాచారం ఇచ్చినవారి పేర్లను దర్యాప్తు సంస్థ దాచిపెట్టవచ్చు. దాంతో రిపోర్టుల్లో మనుషుల బదులు టీ-1, టీ-2 అనే గుర్తులు వచ్చాయి. టీ-2 అంటే ఎవరు? పాత పగ ఉన్న సహోద్యోగా, అద్దె గొడవ పడ్డ ఇంటి ఓనరా? ఉద్యోగికి తెలియదు. తీర్పు చెప్పే బోర్డుకూ తెలియదు. దీనికి తోడు అటార్నీ జనరల్ టామ్ క్లార్క్ తయారుచేసిన సంస్థల జాబితా ఒకటి. అందులో పేరున్న సంఘంలో సభ్యత్వం ఉండక్కర్లేదు, ‘సానుభూతితో కూడిన సంబంధం’ ఉన్నా లెక్కే. జాబితాకెక్కిన సంస్థను ముందు పిలిచి మీ మాటేమిటని అడిగిన పాపాన పోలేదు.

డొరోతీ బెయిలీ అనే ఉద్యోగిని విచారణ రికార్డు ఈ యంత్రానికి ఎక్స్‌రే లాంటిది. ఆమె ప్రభుత్వ ఉపాధి కల్పన విభాగంలో శిక్షణ పనిలో ఉండేది, ఉద్యోగుల యూనియన్ స్థానిక శాఖకు నాయకురాలు. కమ్యూనిస్టువని అభియోగం. ఆమె కాదంది, తన తరఫున సాక్షులను, ప్రమాణపత్రాలను తెచ్చుకుంది. ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఇన్‌ఫార్మర్లు ఎవరని లాయరు అడిగితే సమీక్షా బోర్డు అధ్యక్షుడు సెత్ రిచర్డ్‌సన్ తనకు బొత్తిగా తెలియదన్నాడు. వాళ్లు ప్రమాణం చేసి చెప్పారా అంటే, చేశారని అనుకోనన్నాడు. అంతకుముందు కింది బోర్డులో ఆమెకు ఒక ప్రశ్న వేశారు: రక్తాన్ని వేరు చేయడం గురించి నువ్వు రెడ్‌క్రాస్‌కు ఎప్పుడైనా ఉత్తరం రాశావా? నల్లవాళ్లు ఇచ్చిన రక్తాన్ని తెల్లవాళ్ల రక్తంతో కలపకుండా విడిగా ఉంచడం అప్పట్లో రెడ్‌క్రాస్ పద్ధతి. దాన్ని తప్పన్నవాళ్ల మీద కమ్యూనిస్టు వాసన పసిగట్టారు. రష్యా గూఢచారులను పట్టే గదిలో నలుపు తెలుపుల మీద నీ అభిప్రాయమేమిటని అడిగారంటే, ఆ గదిలో వెతుకుతున్నది ఎవరినో ఇక విడమరచి చెప్పాలా? 1949లో ఆమె ఉద్యోగం పోయింది, మూడేళ్లు ప్రభుత్వ కొలువుకు నిషేధం.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1951 ఏప్రిల్ 30న నలుగురు అటు, నలుగురు ఇటు. సమానమైతే కింది కోర్టు మాటే నిలుస్తుంది కనుక ఆమె ఓడిపోయింది. తొమ్మిదో న్యాయమూర్తి విచారణ నుంచి తప్పుకున్నాడు. ఆయనెవరనుకున్నారు? జాబితా తయారుచేసిన టామ్ క్లార్క్. ఈలోగా ట్రూమన్ ఆయన్ని జడ్జీని చేశాడు.

దానికి రెండు రోజుల ముందు, ఏప్రిల్ 28న, ట్రూమన్ మరో ఉత్తర్వు జారీచేశాడు. నా దృష్టిలో ఆ దశాబ్దం మొత్తానికి ఇంతకన్నా ముఖ్యమైన తారీఖు లేదు, వీలింగ్ సభతో సహా. 1947 నిబంధన ప్రకారం, మనిషి విధేయుడు కాడని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉంటే తొలగించాలి. 1951 సవరణ ప్రకారం, విధేయత మీద సహేతుకమైన సందేహం ఉంటే తొలగించవచ్చు. పైకి గుమాస్తా చేసిన చిన్న దిద్దుబాటులా ఉంది కదా! కోర్టులో సహేతుక సందేహం అనే మాట ముద్దాయి పక్షాన పనిచేస్తుంది. సందేహం మిగిలితే హంతకుడని పేరు పడ్డవాణ్ని కూడా వదిలేస్తారు. ఇక్కడ అదే మాటను తలకిందులు చేశారు. సందేహం మిగిలితే మనిషి ఇంటికి. మొదటి నిబంధన కింద బోర్డు ఆధారం ఇదీ అని ఏదో ఒకటి రాయాలి. రెండో నిబంధన కింద టీ-2 చెప్పిన ఒక్క వాక్యం చాలు, దాన్ని అబద్ధమని రుజువు చేసే దారి లేదు కనుక సందేహం దానంతటదే మిగులుతుంది.

ఇక బోర్డు సభ్యుల సంగతి. వాళ్లూ ఉద్యోగులే. ఇవాళ పాస్ చేసినవాడు రేపు గూఢచారని తేలితే సంతకం పెట్టినవాడి మెడకు చుట్టుకుంటుంది. పొరపాటున పంపేసిన గుమాస్తా కోసం ఏ పత్రికా మొదటి పేజీ ఇవ్వదు. ఇలాంటి తూకంలో మధ్యస్థంగా ఉన్న ఫైలు ఎటు మొగ్గుతుందో చెప్పడానికి జోస్యం రానక్కర్లేదు. సవరణ తర్వాత, ఒకసారి నిర్దోషులని తేలినవాళ్ల ఫైళ్లను మళ్లీ తెరిచారు.

అలా తెరిచిన ఫైళ్లలో జాన్ సర్వీస్‌ది ఒకటి. చైనాలో పుట్టి పెరిగిన దౌత్యవేత్త. 1944లో అమెరికా సైనిక బృందంతో చైనా కమ్యూనిస్టుల స్థావరం యెనాన్ వెళ్లి మావోను, చౌ ఎన్ లైని కలిసి, చాంగ్ కై షేక్ పాలన కుళ్లిపోయిందని, కమ్యూనిస్టులను తీసిపారేయలేమని రాసి పంపాడు. 1949లో అక్షరాలా అదే జరిగింది. జరిగినందుకే ఆయన దోషి అయ్యాడు: చైనా ‘పోవడానికి’ ఎవరో కారణం కావాలి మరి. విదేశాంగ శాఖ బోర్డు ఆయన్ని పలుమార్లు నిర్దోషి అంది. కొత్త నిబంధన వచ్చాక 1951 డిసెంబరులో సమీక్షా బోర్డు సహేతుక సందేహం ఉందంది, విదేశాంగ మంత్రి ఆచిసన్ అదే రోజు తొలగించాడు. అప్పటికి బోర్డు అధ్యక్షుడు హైరం బింగమ్, అవును, పెరూలో మాచు పిచ్చును లోకానికి చూపించిన ఆ బింగమే. కొండల్లో కనిపించకుండా పోయిన నగరాన్ని చూసిన కళ్లకు ఎదురుగా కూర్చున్న మనిషి కనపడలేదు. 1957 జూన్ 17న సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది. అప్పటిదాకా సర్వీస్ న్యూయార్క్‌లో ఆవిరి పైపులకు అమర్చే స్టీమ్ ట్రాపుల కంపెనీలో పనిచేశాడు. తిరిగి తీసుకున్నాక ఆయన్ని ఎక్కడికి పంపారు? లివర్‌పూల్‌కి. చైనా భాష, చైనా మనుషులు తెలిసినవాడు ఇంగ్లండు రేవులో కాన్సల్.

మరో చైనా నిపుణుడు జాన్ పేటన్ డేవిస్‌ను 1954లో అప్పటి విదేశాంగ మంత్రి డల్లెస్ తీసేశాడు, డేవిస్ పెరూలోని లిమా వెళ్లి కుర్చీలూ బల్లలూ చేయించి బతికాడు. ఇంకో చైనా నిపుణుడు జాన్ కార్టర్ విన్సెంట్‌ను బలవంతంగా రిటైర్ చేయించారు. పదేళ్లు తిరగకుండా వియత్నాం. ఆసియాలో జాతీయవాదం ఎక్కడ ముగిసి కమ్యూనిజం ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పగలవాళ్లు ఆఫీసులో లేరు. యుద్ధాన్ని నడిపిన రక్షణ మంత్రి మెక్‌నమారా ముప్ఫై ఏళ్ల తర్వాత తన జ్ఞాపకాల్లో ఈ ముగ్గురి పేర్లూ చెప్పి మరీ ఒప్పుకున్నాడు. మిగిలిన నిపుణులు నేర్చుకున్న పాఠం ఇంకా ఘోరం: పైవాళ్లకు నచ్చనిది కేబుల్‌లో, అంటే రాజధానికి పంపే నివేదికలో, రాయకు. దీన్ని ఏ గణాంకంలోనూ పట్టలేం. రాకెట్ల సంగతి అంటారా, కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ పునాదుల్లో ఉన్న, చైనాలో పుట్టిన శాస్త్రవేత్త చియాన్ షుయేసన్‌కు 1950లో రహస్య పరిశోధన అనుమతులు రద్దుచేసి, ఐదేళ్లు కట్టడిలో ఉంచి, 1955లో చైనాకు పంపేశారు. చైనా క్షిపణులకు ఆయనే పెద్ద దిక్కయ్యాడు.

నిజంగా గూఢచారులు లేరా అని అడిగేవారున్నారు. ఉన్నారు. 1995లో బయటపెట్టిన వెనోనా పత్రాలు, అంటే అమెరికా విప్పి చదివిన సోవియట్ రహస్య సందేశాలు, చూశాక అది కాదనేవాడు మొండివాడు. కానీ ఎలా పట్టుకున్నారు? ఒక్కసారే వాడాల్సిన సంకేత పుటలను రష్యన్లు 1942లో యుద్ధపు హడావిడిలో రెండేసి అచ్చువేశారు. వర్జీనియాలోని ఆర్లింగ్టన్ హాల్‌లో గణితం, భాషలు తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని ఆ జంట పుటలను విప్పారు. అణు రహస్యాలు రష్యాకు చేరవేసిన ఫుక్స్ దొరికింది దానివల్ల, అదే గూఢచర్యంలో పట్టుబడ్డ రోజెన్‌బర్గ్ దాకా దారి వేసింది అదే. అవతల 1948 నుంచి 1958 దాకా 45 లక్షల ఉద్యోగుల పేర్లను ఎఫ్‌బీఐ జల్లెడ పట్టింది, 27,000 మంది మీద ఇంటింటి దర్యాప్తు చేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటాం, వీళ్లకు ఎలుక కూడా దక్కలేదు. ఆర్లింగ్టన్ హాల్‌లోనే పనిచేస్తూ మాస్కోకు ఉప్పందించిన విలియం వైస్‌బాండ్ 1950 దాకా కుర్చీలోనే ఉన్నాడు.

1953 ఏప్రిల్‌లో ఐసెన్‌హోవర్ ఇచ్చిన 10450 ఉత్తర్వుతో విధేయత అనే మాట కూడా వెనక్కి పోయింది. ‘భద్రతకు ముప్పు’ చాలన్నారు. తాగుడు అలవాటు నుంచి లైంగిక జీవితం దాకా అన్నీ ఆ గోనెసంచిలో పడ్డాయి. స్వలింగ సంపర్కులన్న పేరుతో వేలమంది ఉద్యోగాలు పోయాయి. వారిలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ కమెనీకి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2009లో.

అవతలి శిబిరం కూడా ఆ 1947 మార్చిలోనే ఇదే పనిలో ఉండటం గమ్మత్తు. ట్రూమన్ సంతకం పెట్టిన వారానికి, 28న, మాస్కోలో మంత్రిత్వ శాఖలన్నిటా ‘గౌరవ న్యాయస్థానాలు’ పెట్టాలని ఉత్తర్వు. మొదట ఎక్కించింది క్యాన్సర్ మందు మీద పనిచేస్తున్న నీనా క్ల్యుయేవా, గ్రిగొరీ రోస్కిన్ దంపతులను. తమ పరిశోధన వివరాలు అమెరికన్లకు అందనిచ్చారని నేరం. రాతప్రతిని అమెరికాకు తీసుకెళ్లిన వైద్యుడు వసీలీ పారిన్‌కు 25 ఏళ్ల శిక్ష వేశారు. రెండూ ఒకటే అనను. అక్కడ జైలు, ఇక్కడ నిరుద్యోగం. బెయిలీ కనీసం సుప్రీంకోర్టు మెట్లెక్కగలిగింది. కానీ రెండు చోట్లా పనితీరు అడగడం మానేసి మనసులో ఏముందని అడగడం మొదలైంది.

ఆ మాటకొస్తే మనమేం తక్కువ తినలేదు. మధ్యప్రదేశ్‌లో రమాశంకర్ రఘువంశీ అనే మునిసిపల్ బడి టీచరు ఉండేవాడు. బడిని ప్రభుత్వం తీసుకున్నాక ఆయన్నీ ప్రభుత్వోద్యోగంలోకి తీసుకున్నారు, పూర్వాపరాల తనిఖీకి లోబడి. ఒకప్పుడు ఆరెస్సెస్, జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు రిపోర్టు వచ్చింది, 1974లో ఉద్యోగం ఊడింది. 1983లో సుప్రీంకోర్టులో ఆ కేసు తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆయన మొగ్గు ఎడమవైపని అందరికీ తెలుసు, ఎదుట ఉన్నది కుడివైపు మనిషి. అయినా తడుముకోలేదు. ఉద్యోగార్థి రాజకీయ విశ్వాసాల మీద పోలీసు రిపోర్టు తెప్పించుకోవడం అనే పనే ప్రాథమిక హక్కుల మూలాన్ని నరుకుతుందని రాశారు. భారతదేశం పోలీసు రాజ్యం కాదన్నారు.

తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కొలువు దొరికిన కుర్రాడు అటెస్టేషన్ ఫారం నింపి, ఐదేళ్లుగా ఎక్కడెక్కడ ఉన్నాడో రాసిస్తాడు. స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ వీధిలోకి వచ్చి కిరాణా కొట్టు దగ్గర, పక్కింటి గుమ్మం దగ్గర నాలుగు మాటలు అడిగి వెళ్తాడు. ఆ నాలుగు మాటలు చెప్పిందెవరో, ఏం చెప్పారో కుర్రాడి దాకా మామూలుగా రాదు. వాటిని ప్రమాణం చేసి చెప్పారా అని బెయిలీ లాయరు అడిగినట్టు అడగడానికి అతనికి బోర్డు కూడా ఉండదు.