పెద్దవాళ్ల బీపీ: నిలబెట్టి కూడా చూడండి

అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు చాలామంది మొదట అడిగే మాట, "ఈరోజు బీపీ ఎంత వచ్చింది?" ప్రేమతో అడిగేదే, కానీ దానివల్ల మేలు కంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. డెబ్బై దాటినవాళ్ల రక్తపోటు గంటగంటకూ మారుతుంది. ఏదో ఒక అంకె విని మనం కంగారుపడితే, వాళ్లు ఇంకోసారి కఫ్ చుట్టుకుంటారు. ఆ కంగారులో ఈసారి ఇంకా ఎక్కువ వస్తుంది. సాయంత్రానికి ఒక మాత్ర అదనంగా పడుతుంది. అడగాల్సినవి రెండే: వారం సగటు ఎంత? లేచి నిలబడితే ఎంత?

వయసుతో పెద్ద ధమనులు గట్టిపడి సాగే గుణం కోల్పోతాయి. అందుకే పై అంకె పెరుగుతూ, కింది అంకె తగ్గుతూ పోతుంది. 165/70 లాంటివి ఈ వయసులో మామూలుగా కనిపిస్తాయి. "కిందిది బాగానే ఉంది కదా" అని ఊరుకోకూడదు. పక్షవాతం ముప్పును ఈ వయసులో ఎక్కువగా చెప్పేది పై అంకే. ఎనభై దాటినవాళ్లకు వైద్యం అనవసరమన్న మాట కూడా నిలవలేదు. 2008లో వెలువడిన హైవెట్ అనే వైద్య ప్రయోగంలో, ఎనభై పైబడినవాళ్లలో బీపీని 150/80కి దించే ప్రయత్నం చేస్తే మరణాలు, గుండె వైఫల్యం తగ్గాయి.

అయితే ఆ ప్రయోగంలో ఎవరిని చేర్చుకోలేదో కూడా చూడాలి. నిలబడినప్పుడు పై అంకె 140 కంటే తక్కువున్నవాళ్లను హైవెట్‌లో తీసుకోలేదు. పై అంకెను 120 లోపుకు దించాలని చూసిన స్ప్రింట్ అనే మరో ప్రయోగంలోనైతే, నిలబడ్డ నిమిషానికి 110 కంటే తక్కువున్నవాళ్లను వదిలేశారు. అంటే మనం ధైర్యంగా చెప్పుకునే లక్ష్యాలు నిలబెట్టి చూసి ఎంచుకున్న మనుషుల మీద తేలినవి. ఇంట్లో మాత్రం కూర్చోబెట్టి చూసి ఆపేస్తున్నాం.

ముందు కూర్చుని చూసే రీడింగ్ సరిగ్గా రావాలి. ఎక్కువగా తప్పేది కఫ్ సైజు దగ్గరే. జబ్బ మధ్యలో టేపుతో చుట్టుకొలత తీసి, కఫ్ మీద రాసిన కొలతతో పోల్చండి. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. బాగా లావు చేతుల్లో ఆ తేడా 20 పాయింట్ల దాకా ఉండొచ్చు. సన్నని చేతికి పెద్ద కఫ్ వేస్తే తక్కువ చూపిస్తుంది. కండ కరిగిన చేతికి పదేళ్ల కిందటి కఫ్ ఇప్పుడు సరిపోకపోవచ్చు, దాన్ని మళ్లీ కొలవాలి. మణికట్టు మెషిన్లు, వాచీలు చూపే అంకెలతో మందులు మార్చకండి.

కొలిచే ముందు అరగంటపాటు కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. కఫ్ చొక్కా మీద కాకుండా చర్మం మీదే ఉండాలి, మోచేతి మడతకు రెండు వేళ్ల పైన. చేతిని బల్ల మీద ఆనించాలి. ఒళ్లో పెట్టుకుంటే పై అంకె సుమారు 4, పక్కకు వేలాడేస్తే 6కు పైగా ఎక్కువ వస్తుందని 2024లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు తేల్చారు. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చే చేతినే వాడండి. తేడా ఎప్పుడూ 10 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన (ఫిస్టులా ఉన్న) చేతికి కఫ్ కట్టకూడదు.

ఉదయం మాత్రకు ముందు రెండు, రాత్రి రెండు, మధ్యలో నిమిషం విరామం. ఇలా ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి, మిగిలిన 24 రీడింగుల సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 ఉంటే ఆసుపత్రిలో 140/90తో సమానం. బీపీ ఎక్కువ అనడానికి అమెరికా మార్గదర్శకాలు 130/80నే గీతగా పెట్టాయి. మెషిన్‌లో నాడి సక్రమంగా లేదన్న గుర్తు మళ్లీ మళ్లీ వస్తే రెండుకు బదులు మూడు రీడింగులు తీసి, ఈసీజీ గురించి అడగండి. డాక్టరు రోజూ చూడమని చెబితే తప్ప, మాత్ర మార్చిన రెండు నాలుగు వారాలకు, అపాయింట్‌మెంట్ ముందు వారం ఇలా చూస్తే చాలు.

ఇక నిలబెట్టి చూడటం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. కఫ్ విప్పకుండా నిలబెట్టి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కన ఒక మనిషి, వెనక కుర్చీ తప్పనిసరి. నిలబడినప్పుడు చెయ్యి కిందకి వేలాడితే అంకె ఎక్కువొచ్చి అసలు పతనం కనబడకుండా పోతుంది. కాబట్టి పక్కవాళ్లు ఆ చేతిని గుండె ఎత్తులో పట్టుకోవాలి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోబెట్టేయండి. పై అంకె 20 గానీ, కిందిది 10 గానీ పడిపోతే అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి, తల తిరగకపోయినా సరే. నాడి కూడా రాయండి: బీపీ పడినా నాడి పెద్దగా పెరగకపోతే నరాల వైపు వెతకాలని డాక్టరుకు అర్థమవుతుంది. పరీక్ష ఉదయం ఒకసారి, భోజనమయ్యాక గంటకు ఒకసారి చేయండి. కొందరికి తిన్నాకే పడిపోతుంది. నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి), ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్, డిప్రెషన్, పార్కిన్సన్స్ మందులు, వాంతులు, విరేచనాలు నిలబడితే బీపీ పడటానికి తరచూ కారణాలు.

మాత్ర రాత్రి వేసుకుంటేనే మంచిదన్న ప్రచారం ఒకటుంది. ఇరవై ఒక్క వేలమందికి పైగా పాల్గొన్న టైమ్ అనే ప్రయోగం, 2022లో, గుండెపోటు, పక్షవాతాల విషయంలో ఉదయానికీ రాత్రికీ తేడా లేదని తేల్చింది. మరిచిపోని వేళే మంచి వేళ. నీటి మాత్ర మాత్రం పొద్దున్నే మేలు. లేకపోతే అర్ధరాత్రి చీకట్లో లేచి పడతారు.

ఒకరోజు తక్కువ వచ్చిందని మాత్ర మానేయడం, ఎక్కువ వచ్చిందని ఇంకొకటి వేసుకోవడం రెండూ ప్రమాదమే. బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ లాంటి బీపీ మందులు హఠాత్తుగా ఆపితే బీపీ ఎగిసిపడుతుంది. నిఫెడిపిన్ అనే బీపీ మందును నాలుక కింద పెట్టే పాత అలవాటుతో బీపీ ఒక్కసారిగా కూలి గుండెపోటో పక్షవాతమో వచ్చిన సందర్భాలున్నాయి. నొప్పికి వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ బీపీని పెంచుతాయి; సగటు ఉన్నట్టుండి పెరిగితే ముందు వీటి గురించే అడగండి. 180/120 దాటితే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క బలహీనత, చూపు మసకబారడం ఉంటే ఆగకుండా అంబులెన్స్ పిలవండి. ఇవేమీ లేకపోతే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేస్తే చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకే కాగితం పట్టుకెళ్లండి: వారం సగటు, పడుకున్నప్పటి, నిలబడినప్పటి అంకెలు, నాడి, సొంతంగా కొనుక్కున్నవాటితో సహా మందులన్నీ. ఏడాదికోసారి మెషిన్‌నూ తీసుకెళ్లి అక్కడి రీడింగ్‌తో పోల్చండి. "వీరికి లక్ష్యం ఎంత, నిలబడ్డాక ఎంతకు తగ్గకూడదు?" అని అడిగి, ఆ రెండు అంకెలూ అదే కాగితం మీద రాయించుకోండి.