నీరు పల్లమెరుగు

విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్ సందుల్లోకి వెళ్తే కొన్ని గోడల మీద ఒక గీత కనిపిస్తుంది. మనిషి ఛాతీ ఎత్తున, బురద రంగులో, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు నీళ్లు రోజుల తరబడి నిలబడిన మట్టం అది. గీతకు కింద సున్నం పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డాయి, పైన పాత నీలం రంగు అలాగే ఉంది. ఇంటావిడ దాని మీద వేలు పెట్టి "ఇక్కడిదాకా వచ్చాయండీ" అంటుంది. పిల్లల సర్టిఫికెట్లు, కుట్టు మిషను, బియ్యం డబ్బా, వాకిట్లో ఆటో, అన్నీ ఆ గీత కిందే మునిగాయి.

విజయవాడ భూగోళాన్ని ఆ గోడ చెప్పినంత స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పడం లేదు. అమెజాన్ అడవుల వానలు, నైలు నది పొడవు మన పిల్లలకు కంఠతా వచ్చు. తమ బడి వెనకనుంచి పోయే బుడమేరు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చెప్పమంటే మాత్రం నోళ్లు పెగలవు. తప్పు పిల్లలది కాదు. లేఅవుట్ల మీద సంతకాలు పెట్టే పెద్దలకూ ఆ సంగతి పట్టలేదు.

మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడకు ఉత్తరంగా తిరిగి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రం చేరతాయి. ఊరి మీద వరద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ఆలోచన మంచిదే. చిక్కల్లా, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీటిని నది లోపలికి రానివ్వదు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీటిమట్టం సముద్రమట్టానికి 57 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం ఇంకా డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరం. ఇంత చదునైన నేల మీద నీరు పరుగెత్తదు, పరుచుకుంటుంది.

2024లో కృష్ణ, బుడమేరు రెండూ ఒకేసారి పొంగాయి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. అందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి. నది ఒడ్డునే ఉన్న కృష్ణలంకను రక్షణ గోడ కాపాడింది. నీళ్లు మాత్రం వెనకనుంచి వచ్చాయి. మళ్లింపు కాలువ ఎడమ కట్టకు మూడు చోట్ల గండ్లు పడి, సెప్టెంబరు 1 ఆదివారం సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిపోయాయి. నదికి దూరంగా ఉన్నామని ధీమాగా పడుకున్నవాళ్లే మునిగారు. ఆ నేల ఎప్పటినుంచో బుడమేరుదేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మన ఊళ్లో ఎవరు ఎక్కడ ఉంటున్నారన్నది కూడా భూగోళమే. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, గుణదల కొండ మీద మేరీమాత కొలువయ్యారు. ఉండవల్లిలో, మొగల్రాజపురంలో, అక్కన్న మాదన్న గుహల్లో పూర్వీకులు కొండల్నే తొలిచి గుళ్లు చేశారు. మతం ఏదైనా పాతవాళ్లు మెరక చూసి కట్టారు. తర్వాత వచ్చిన జనానికి ఆ అవకాశం దక్కలేదు. ఉత్తరాంధ్ర నుంచి తాపీ పనికి వచ్చినవారు, పల్నాడులో వానలు మొహం చాటేసినప్పుడు వలస వచ్చినవారు, రైల్వే మీద బతికిన తమిళ కుటుంబాలు, వన్‌టౌన్‌లో అంగళ్లు పెట్టిన మార్వాడీలు, అందరూ కలిస్తేనే బెజవాడ. వీరిలో చేతిలో డబ్బున్నవారు పటమట వైపు వెళ్లారు. లేనివారికి రెండే దారులు: కొండవాలు, లేదా వాగు పల్లం. అదే ఏడాది అదే వానకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండన ఉన్నవారినీ పల్లాన ఉన్నవారినీ ఒకే వాన కొట్టింది. పేదలకోసమని ప్రభుత్వమే కట్టిన వాంబే కాలనీ కూడా పల్లంలోనే ఉంది. చవకగా దొరికిన చోట ఇల్లు కట్టించి ఇవ్వడాన్ని మేలు అనుకున్నారు. స్థలం ఎందుకు చవకో ఎవరూ ఆరా తీయలేదు.

నేలను చదివి బాగుపడిన అనుభవం మనకు లేదా? ఉంది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. డొక్కల కరువు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. కృష్ణ పక్కనే పారుతున్నా పొలాలకు చుక్క ఎక్కలేదు. సీతానగరం కొండకు, ఇంద్రకీలాద్రికి నడుమ నది సన్నబడే చోటు చూసి 1852లో ఆనకట్ట మొదలుపెట్టారు, 1855కు పూర్తయింది. అది 1952లో తెగితే దాని జాగాలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ రెండు కొండల మధ్య సందును గమనించిన చూపే డెల్టాకు అన్నం పెట్టింది. బుడమేరు విషయంలో ఆ చూపు ఏమైంది?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు కొత్తగా గీశారు. పాలన దగ్గరైతే మంచిదే. కానీ బుడమేరు ఎగువ ఎన్టీఆర్ జిల్లాలో, దిగువ కొల్లేరు ఏలూరు జిల్లాలో పడ్డాయి. ఎగువన కట్ట తెగితే ఒకరి బాధ్యత, దిగువన చేపల చెరువుల గట్లు నీటికి అడ్డం పడితే మరొకరిది. మైలవరం కొండల నుంచి ఉప్పుటేరు నోటిదాకా ఈ నీటి దారి మొత్తం ఒకే చేతి కింద ఉండాలన్నది ఈ పత్రిక కోరిక. నదికి దక్షిణాన కూడా ఇదే పాఠం. కొండవీటి వాగు నీటిని కృష్ణలోకి ఎత్తిపోయడానికి ఉండవల్లి దగ్గర పంపులు పెట్టారు. అమరావతిలో కొత్త వీధులు వేసేముందు ఆ వాగు పాత దారిని గుర్తించి, దాన్ని వదిలేసి మిగతాది కట్టుకోవాలి. పంపులను నమ్ముకుని పల్లం పూడ్చకూడదు.

పాత పేర్లలో ఈ జ్ఞానమంతా ఉంది. లంక అంటే నది ఇచ్చిన నేల, తీసుకోగల నేల. మెరక, పల్లం, దిబ్బ, కరకట్ట, మురుగు కాలువ: డెల్టా రైతుకు ఇవి నిత్యం నోట్లో నానే మాటలు. పట్నంలో సర్వే నంబర్లు వచ్చి వాటిని మింగేశాయి. ఏడో తరగతి పిల్లలను ఒక ఆదివారం బుడమేరు గట్టు మీద నడిపించి, నీళ్లు ఎటు పోతున్నాయో వాళ్ల చేతే గీయించాలని ఉపాధ్యాయులను కోరుతున్నాం. ఖర్చు ఏమీ లేదు.

నగరపాలక సంస్థ చేయగల పని ఇంకా చిన్నది. ఇళ్లకు మళ్లీ సున్నాలు పడి ఆ గోడ మీది గీతలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. అవి పూర్తిగా పోకముందే మునిగిన ప్రతి వీధి మొగదలా ఒక రాతి స్తంభం నాటి, 2024 నీటిమట్టం ఎంతో దాని మీద చెక్కించాలి. అక్కడ స్థలం కొనేవాడు సంతకం పెట్టేముందు ఒకసారి దాని పక్కన నిలబడి చూసుకుంటాడు.