నా కారు వెనక ఇరుసు దగ్గర కాపురముంటున్న టక్కు గారికి

టక్కు గారూ,

ఉభయకుశలోపరి అని రాయాలి. కానీ మీరు కుశలంగా ఉన్నంతకాలం నేను కుశలంగా ఉండటం కుదరదు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మీ పేరులోనే మోసం ఉందని నాకు ఆలస్యంగా వెలిగింది. టక్కు అంటే ఉత్త చప్పుడనుకున్నాను. అది టక్కుటమారాల్లోని టక్కు అని తెలిసేసరికి మూడు నెలలు, రెండు షాక్ అబ్జార్బర్లు, నాలుగు బుష్‌లు ఖర్చయ్యాయి.

మొదటి పరిచయం గుర్తుందా? రివర్స్ గేరు వేసి క్లచ్ వదిలాను. వెనక సీటు కింద ఎవరో సుత్తితో ఒక్క దెబ్బ వేసినట్టు పలకరించారు. ఫస్ట్ గేరు వేస్తే ఇంకో దెబ్బ. కంగారుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నారు. అతను బండిని వదిలేసి నన్ను అనుమానంగా చూశాడు. గేటు దాటి రోడ్డెక్కానో లేదో, టక్!

మీ రెండో విద్య చోటు మార్చడం. బండి రేకంతా మీకు మైకే. ఎక్కడో పుడతారు, ఇంకెక్కడో వినిపిస్తారు. ఒకరోజు బావమరిది బండి నడుపుతుంటే నేను వెనక సీటు దిండు ఎత్తి, రేకుకు చెవి ఆనించి పడుకున్నాను. అరగంటలో తేలింది ఒక్కటే, నా మెడ పట్టేసిందని.

ఇక సలహాలకు లోటేముంది! షాక్ అబ్జార్బర్లన్నారు, బుష్‌లన్నారు, సైలెన్సర్ రబ్బరన్నారు. గుంతల్లోనూ మీ గొంతే వినిపిస్తోంది కాబట్టి అన్నీ నమ్మాను, అన్నీ మార్చాను. మా ఆవిడ మాత్రం మొదటిరోజే, "డిక్కీలో జాకీ బిగించారా?" అని అడిగింది. ఇంత పెద్ద సమస్య మధ్య ఈ ప్రశ్నేమిటని నవ్వేశాను.

చివరికి మిమ్మల్ని పట్టిచ్చింది ఒక పెద్దవయసు మేస్త్రి. మీరు ఎక్కడుంటారని ఆయన అడగనేలేదు. ఎప్పుడొస్తారని అడిగాడు. గేరు మార్చినప్పుడా, యాక్సిలరేటర్ వదిలినప్పుడా, మలుపులోనా, గుంతలోనా? మలుపులో మాత్రమే అయితే డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే పళ్లచక్రాల పెట్టె) లోపలి చిన్న పళ్లచక్రాల మీద అనుమానమట. బండి తిన్నగా పోతున్నంతసేపూ అవి తమ పిన్ను మీద తిరగవు, మలుపులోనే వాటికి పని. గేరు మార్చగానే ఒక్క దెబ్బ అంటే మాత్రం ఎక్కడో కీలు వదులైందని. గేర్‌బాక్స్ నుంచి చక్రం దాకా ప్రతి అతుకులోనూ కాస్త సందు ఉంటుంది. షాఫ్ట్ తిప్పుడును ఇరుసు వైపు మళ్లించే క్రౌన్ పినియన్ పళ్ల మధ్య కూడా మిల్లీమీటరులో ఐదో వంతు అటూఇటూగా కావాలనే వదులుతారు. కాబట్టి మీ చిన్నతనాన్ని తప్పుపట్టలేం. ముందుకు తిరగాల్సిన ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే పొడుగాటి కడ్డీ) వెనక్కి తిరిగినప్పుడు ఆ సందులన్నీ ఒక్కసారిగా మూసుకుంటాయి. అరిగిన చోట సందు పెద్దది, గొంతూ పెద్దది.

తర్వాత నాకో లెక్క చెప్పాడు. మెల్లగా, గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పోతే మామూలు కారు చక్రం సెకనుకు దాదాపు ఒక చుట్టు తిరుగుతుంది. ఇరుసు నిష్పత్తి 4 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే సెకనులో 4 చుట్లు. చప్పుడు సెకనుకు ఒకటి వస్తే చక్రం వైపు చూడాలి, గబగబా నాలుగు వస్తే షాఫ్ట్ వైపు. నేను అద్దం దించి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాను. పక్కన పోయేవాళ్లు జపం అనుకుని ఉంటారు. నాలుగు!

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగం స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి కిందికి దూరాం. షాఫ్ట్ చివరి కీలు మధ్యలో కూడిక గుర్తులాంటి ముక్క ఉంటుంది, దాని పేరు క్రాస్. దానికి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పితే, క్లిక్. ఎంత చిన్నగొంతు! క్రాస్ కొసకు తొడిగిన ఒక బేరింగు కప్పు అంచు చుట్టూ పసుపూ ఎరుపూ కాని తుప్పు పొడి. లోపల గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది, సూది బేరింగులు పొడిపొడి. ఇంకొన్నాళ్లు చూస్తూ ఊరుకుంటే షాఫ్టే ఊడి రోడ్డు మీద పడేదని మేస్త్రి మామూలుగా చెప్పాడు. నేను మామూలుగా వినలేకపోయాను.

మీరున్న ఇల్లు సామాన్యమైనదేమీ కాదు. 1676లోనే రాబర్ట్ హుక్ ఆ కీలును అచ్చులో వర్ణించాడు. అంతకు ముందు శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరుతోనూ దాన్ని పిలుస్తారు. అంత ఘనమైన ఇంట్లో ఉంటూ, చెంచాడు గ్రీజు కోసం నా చేత షాక్ అబ్జార్బర్లు కొనిపిస్తారా?

కొత్త క్రాస్ వేశాం. రివర్స్ వేస్తే మౌనం. ఫస్ట్ వేస్తే మౌనం. ఈల వేసుకుంటూ ఇంటికి బయల్దేరాను. మొదటి గుంతలో, టక్!

బండి పక్కకు ఆపి, చుట్టూ చూసి, డిక్కీ తెరిచాను. జాకీ ఒక మూల నుంచి ఇంకో మూలకు దొర్లి హాయిగా పడుకుని ఉంది.

ఇట్లు,
మెడ ఇంకా పూర్తిగా తిప్పలేని
మీ మాజీ ఇంటి యజమాని

తా.క.: గుంతల్లో చప్పుడు కూడా మీదేనని, క్రాస్ మార్చడంతో రెండూ పోయాయని ఇంట్లో చెప్పి ఉన్నాను. ఎవరైనా అడిగితే దయచేసి ఒప్పుకోండి.