దేవదాసు పోయాక పార్వతి ఏమైంది?

విషాద ప్రేమ నవల ఏదైనా తెరకెక్కిన ప్రతిసారీ మన సమీక్షకులు ఒకే చిట్టా పట్టుకుని బయలుదేరతారు: నాయిక వయసు సరిపోయిందా, ఫలానా ఘట్టం ఉందా, నవలలో లేని పాట ఎందుకు పెట్టారు. 2026 ఫిబ్రవరిలో ఎమరాల్డ్ ఫెనెల్ తీసిన ‘వుదరింగ్ హైట్స్’ వచ్చినప్పుడు, ఎమిలీ బ్రాంటీ నల్లని మేనిఛాయతో వర్ణించిన హీత్‌క్లిఫ్ పాత్రకు జేకబ్ ఎలార్డీని తీసుకోవడం మీదా, మార్గో రాబీ దుస్తుల మీదా పెద్ద రభసే జరిగింది. ఆ ప్రశ్నలు పనికిరానివని అనను. అయితే ఇలాంటి చిత్రాన్ని తూచడానికి నా దగ్గర ఉన్న తూనికరాయి వేరు: ప్రేమించినవాళ్లలో ఒకరు చనిపోయిన తర్వాత రచయిత ఇంకా ఏం రాశాడు, దర్శకుడు దానిని ఏం చేశాడు?

1847లో వచ్చిన బ్రాంటీ నవలలో హీత్‌క్లిఫ్ ప్రేమించిన కేథరిన్ దాదాపు సగంలోనే చనిపోతుంది. తక్కిన సగమంతా హీత్‌క్లిఫ్ తన కక్షను తర్వాతి తరం పిల్లల మీద తీర్చుకున్న వైనం. అంతకు ముందే, తనను నమ్మి ఇల్లు విడిచి వస్తున్న ఇసబెల్లా కుక్కపిల్లను అతడు రుమాలుతో ఉరివేసి వేలాడదీస్తాడు. ఆ చేతులు ఎలాంటివో పాఠకుడు మరచిపోకూడదని రచయిత్రి పట్టుదల. 1939లో ఈ నవలను సినిమాగా తీసిన విలియం వైలర్ ఆ రెండో సగాన్ని పూర్తిగా ఎత్తివేశాడు. లారెన్స్ ఆలీవియర్ నటన ఎంత గొప్పదైనా, ప్రేక్షకుడికి మిగిలింది మంచులో కలిసి నడిచిపోయే రెండు ఆత్మలు మాత్రమే. తోల్‌స్తోయ్ కూడా అన్నా కెరనినా రైలు కింద పడ్డాక ఎనిమిదో భాగం మొత్తం రాశాడు. సినిమాల ద్వారా ఆ కథ తెలిసినవారికి రైలు తప్ప మరేదీ గుర్తుండదు.

ఇక మన దేవదాసు సంగతి. చక్రపాణి అనువాదాల పుణ్యమా అని ఆ నవల రాసిన బెంగాలీ రచయిత శరత్ తెలుగు ఇళ్లలో సొంత మనిషి అయిపోయాడు. 1953లో వేదాంతం రాఘవయ్య ఈ కథను తెలుగుతో పాటు తమిళంలోనూ తీయడం వల్ల నగరి, పుత్తూరు, సత్యవేడు వంటి మన సరిహద్దు ఊళ్లకు అది రెండు భాషల్లోనూ సొంతమైంది. ‘జగమే మాయ’ పాడుకునేవారికీ ‘ఉలగే మాయం’ పాడుకునేవారికీ అవే మత్తుకళ్లు, అదే దగ్గు, అదే కుక్క గుర్తున్నాయి. నవలలో ఆ దగ్గుకు చాలా ముందే అసలు నేరం జరిగిపోయింది. పరువు పోతుందని తెలిసీ పార్వతి అర్ధరాత్రి అతడి గదికి వస్తుంది. అతడు తల్లిదండ్రుల మాట ఎత్తి నసుగుతాడు, ఆ తర్వాత కలకత్తాకు పారిపోతాడు, అక్కడి నుంచి ఆమెను వదులుకుంటూ ఉత్తరం రాస్తాడు, అది పోస్టులో వేసిన క్షణం నుంచే కుమిలిపోతాడు. చివరకు చేపల గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. విధి చేసిన పని ఇందులో ఒక్కటీ లేదు.

అతడు చనిపోయిన తర్వాత శరత్ ఏం రాశాడో చూడండి. శవాన్ని ముట్టడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రారు; చండాలురు వచ్చి మోసుకుపోయి, ఎండిపోయిన చెరువు గట్టున సగం కాల్చి వదిలేస్తారు. చనిపోయింది ఎవరో పార్వతికి తెలిసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. పరుగెత్తబోయిన ఆమెను ఇంట్లోవాళ్లు పట్టుకుని లోపలికి తెస్తారు. ఆమె ఇప్పుడెలా ఉందో తనకు తెలియదనీ, విచారించాలని కూడా అనిపించడం లేదనీ చివరి పేరాలో శరత్ రాశాడు. కొందరికి అది రచయిత నిర్దయగా తోచింది. ఆమె ముఖంలోకి చూడలేక తల తిప్పుకున్న మనిషి రాసిన మాటలుగానే నాకు వినిపిస్తాయి. 2002లో తన హిందీ ‘దేవ్‌దాస్’లో సంజయ్ లీలా భన్సాలీ ఈ ఘట్టం మొత్తాన్ని మూసుకుపోతున్న బ్రహ్మాండమైన తలుపుల వైపు పరుగెత్తే పార్వతి చీరకొంగుగా మార్చేశాడు. నవలలో ఒకరినొకరు ఎన్నడూ చూడని పార్వతీ చంద్రముఖులను ఆయన కలిపి ఆడించినందుకు నాకు కోపం లేదు, ఆ పాట నాకూ ఇష్టమే. సగం కాలిన శవాన్ని దాచినందుకే కోపం.

సినిమా వేరే కళ అనీ, రెండున్నర గంటల్లో అంతా పట్టదనీ, ప్రేక్షకుడు కన్నీళ్లతో లేచి వెళ్లాలనీ అంటారు. కథ మార్చుకోండి, అభ్యంతరం లేదు. 2009లో అనురాగ్ కశ్యప్ తీసిన ‘దేవ్ డి’ నవలను తలకిందులు చేసింది, నాయకుడిని చంపనే లేదు. అయినా ఆ దేవ్ ఎవరో చెప్పిన మాట నమ్మి పారోను అవమానిస్తాడు, తాగి కారు నడిపి మనుషుల ప్రాణాలు తీస్తాడు. తప్పు అతడిదేనని చిత్రం ఒక్క క్షణం కూడా మరచిపోదు. శరత్‌కు అత్యంత నమ్మకంగా ఉన్న సినిమా నా లెక్కలో అదే.

తప్పు ఎవరిదో దాచిపెట్టే ఈ అలవాటు సినిమాహాలుతో ఆగితే ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. కొండ మీద దేవుడి ఎదుట ఒక్కటవుదామని ఇళ్లు వదిలి వచ్చిన జంటలు తిరుపతి బస్టాండులో దిగడం, వెనకనే వాళ్లవాళ్లు జీపుల్లో రావడం ఈ ఊరికి కొత్త కాదు. ఆ పిల్లల్లో ఎవరి ప్రాణమైనా పోతే మరుసటి రోజు పత్రికలో ‘విషాదాంతమైన ప్రేమ’ అని శీర్షిక వస్తుంది, చంపినవాడిది ‘క్షణికావేశం’ అవుతుంది. శరత్ అలా రాయలేదు. పార్వతిని కోడలిగా ఒప్పుకోకపోవడానికి దేవదాసు ఇంట్లో చెప్పుకున్న కారణాలను ఆయన పేరుపేరునా లెక్కగట్టాడు: వాళ్లు కన్యాశుల్కం పుచ్చుకునే తక్కువ వంశమట, పైగా పక్కింటివాళ్లట. ఆ రెండు కారణాలూ వాటిని పలికిన నోళ్లతో సహా తెర మీద కనిపించాలి. అవి కనిపించని దేవదాసుకు, ఎంత ఏడిపించినా సరే, నేను మార్కులు వేయను.