టికెట్ కొన్నాం, ఎముకలేవి?

రోమ్ నగరానికి దక్షిణంగా, ఆప్పియా దారి పక్కన, నేల అడుగున పర్యాటకుడికి రోజూ జరుగుతున్న అన్యాయం మీద ఇంతవరకూ ఒక్క సంపాదకీయమూ రాలేదు. ఆ లోటు పూడ్చడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

అక్కడ సెయింట్ కలిస్టస్ కాటకోంబులని తొలినాటి క్రైస్తవుల భూగర్భ సమాధులున్నాయి. సొరంగాలన్నీ కలిపితే దాదాపు 20 కిలోమీటర్లు. నాలుగు అంతస్తులు. సుమారు 5 లక్షల మందిని అక్కడ పాతిపెట్టారని లెక్క. ఆ లెక్క వినగానే మన యాత్రికుడి గుండె ఉప్పొంగుతుంది. మంచినీళ్ల సీసా సర్దుకుని, "భయపడకూడదు, నాన్న ఉన్నాడుగా" అని పిల్లాడికి ముందే ధైర్యం చెప్పి మెట్లు దిగుతాడు. దిగి చూస్తే గోడల నిండా అరలు. రైల్లో స్లీపర్ బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి. ఏ బెర్తులోనూ ప్రయాణికుడు లేడు.

"ఎముకలేవి?" అని అడిగితే, ఈ దారిలో ఉండవంటాడు గైడు చల్లగా. లోపల ఎండాకాలంలోనూ పదిహేను పదహారు డిగ్రీలే కాబట్టి అక్కడ ఏ మాటైనా చల్లగానే వస్తుంది.

ప్యారిస్‌ని చూసైనా నేర్చుకోవద్దూ! కాటకోంబులన్న పేరు రోమ్ దగ్గర అరువు తెచ్చుకున్నా వాళ్లు సరుకు దాచలేదు. 1786 నుంచి ఊళ్లో నిండిపోయిన శ్మశానాలు తవ్వి, దాదాపు 60 లక్షల మంది ఎముకల్ని పాత రాతి గనుల్లోకి చేరవేసి, కట్టెలు పేర్చినట్టు పేర్చి, గుమ్మం మీద "ఆగు, ఇది మృత్యు సామ్రాజ్యం" అని రాసిపెట్టారు. అవి మతం కోసం ప్రాణాలిచ్చిన ప్రాచీన హతసాక్షులవేమీ కావు, ప్యారిస్ ఊరి జనాలవి. అయితేనేం, డబ్బులిచ్చినవాడికి పుర్రె కనబడుతుంది.

రోమ్‌లో సరుకు ఏమైందని ఆరా తీస్తే, తరలించింది పోపులేనని తేలింది. దండెత్తి వచ్చినవాళ్లు ఊరి బయట ఉన్నదల్లా దోచుకుపోతుంటే, ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో హతసాక్షుల అవశేషాల్ని ఊళ్లో చర్చిలకి మార్చారు. సెయింట్ సిసిలియాని 821లో పోప్ పాస్కల్ తీసుకెళ్లిపోయాడు. ఆమె ఉన్న చోట ఇప్పుడొక పాలరాతి బొమ్మ ఉంది, అదీ నకలే. తర్వాత ఈ సొరంగాల్ని జనం దాదాపు మరిచిపోయారు. 1578లో ఒకటి అనుకోకుండా బయటపడ్డాక, మిగిలిన ఎముకల్లో ఎన్నో ఆల్ప్స్ దాటి జర్మన్ చర్చిలకి వెళ్లి, అక్కడ నగలు దిగేసుకుని కూర్చున్నాయి. మన టూరువాడు ప్రోగ్రాం వేసేసరికి పన్నెండు వందల ఏళ్లు లేటు.

అదే జెరోమ్ అదృష్టం చూడండి. తర్వాత బైబిల్‌ని లాటిన్‌లోకి తెచ్చిన ఆయనే. నాలుగో శతాబ్దంలో రోమ్‌లో చదువుకునేటప్పుడు ఆదివారాలు స్నేహితులతో కలిసి ఈ సమాధుల్లో తిరిగేవాడు. రెండు పక్కలా గోడల్లో శవాలు, కటిక చీకటి. ఆ భయానికి రోమన్ కవి వర్జిల్ పద్యం గుర్తొచ్చిందని రాసుకున్నాడు. 1593లో ఈ సమాధుల్ని పరిశోధించిన ఆంటోనియో బోసియో అయితే డొమిటిల్లా అనే మరో కాటకోంబు సొరంగాల్లో దారే తప్పాడు. ఇక బయటపడనేమో, తన శవంతో హతసాక్షుల సమాధులు మైలపడతాయేమో అని కంగారుపడ్డాడు. అలాంటి ప్యాకేజీ ఇప్పుడు ఏ టూరువాడి దగ్గరా లేదు. గైడు వెనకే నడవాలి, లైట్లు వెలుగుతుంటాయి, నలభై నిమిషాల్లో బయట ఎండలో ఉంటాం.

పోనీ, క్రైస్తవులు సైనికులకి దొరక్కుండా దాక్కున్న చోటైనా చూద్దామంటే, అక్కడెవరూ దాక్కోలేదంటాడు గైడు. ఈ ఒక్కమాటతో మనం ఇన్నేళ్లుగా చూసిన సినిమాలన్నీ దండగైపోయాయి. ఊరి గోడల లోపల శవాల్ని పూడ్చకూడదని రోమన్ చట్టం. బయట స్థలం తక్కువ. కింద ఉన్నదేమో తవ్వేటప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే టఫ్ రాయి. అందుకే కిందికి తవ్వుకుంటూ పోయారు. యూదులూ అలాగే తవ్వుకున్నారు. ఎక్కడున్నాయో ప్రభుత్వానికీ తెలుసు. అంటే ఇది రహస్య స్థావరం కాదు, పద్ధతి ప్రకారం నడిచిన శ్మశానం. దానికి మేనేజరు కూడా ఉన్నాడు, ఈ కలిస్టసే. ఒకప్పటి బానిస, జనం దాచుకున్న డబ్బు పోగొట్టాడన్న అపవాదు, సార్డీనియా గనుల్లో శిక్ష, ఆపైన శ్మశానం బాధ్యత, 217 ప్రాంతంలో ఏకంగా పోపు పదవి. (ఆ అపవాదు రాసిపెట్టింది ఆయనంటే గిట్టనివాడు. కాబట్టి సగం తీసేసి నమ్మండి.)

ఫోటోలు తియ్యకూడదు. ఇది మరీ దారుణం. ఫోటో లేకపోతే వెళ్లామని ఎవరు నమ్ముతారు? దగ్గర్లోనే ఉన్న సెయింట్ సెబాస్టియన్ కాటకోంబుల్లో మూడో శతాబ్దపు భక్తులు "పేతురూ, పౌలూ, మమ్మల్ని తలుచుకోండి" అని పేర్లతో సహా గోడ మీద గీకేశారు. వాళ్లు గీకితే శాసనం, మనం గీకితే జరిమానా.

ఇంగ్లిష్‌లో శ్మశానాన్ని సిమెట్రీ అంటాం కదా, దాని మూలమైన గ్రీకు మాటకి నిద్రపోయే చోటని అర్థమట. మన క్రైస్తవుల ఇళ్లలో "ప్రభువునందు నిద్రించారు" అని కార్డు వేయించేదీ ఆ లెక్కనే. మన యాత్రికుడి నాయనమ్మ కూడా తెనాలి దగ్గర సమాధుల తోటలో అలాగే నిద్రపోతోంది. నవంబరు 2న సమాధుల పండుగకి చుట్టుపక్కల సమాధులన్నిటికీ సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు. ఆవిడ దగ్గరికి ఈయన వెళ్లి పదకొండేళ్లు. తప్పు ఈయనది కాదు. అక్కడ టికెట్ కౌంటరు లేదు, గైడు లేడు, బయట ఐస్‌క్రీం బండి కూడా లేదు.

పైకి వచ్చేముందు పిల్లాడు ఒక గోడ దగ్గర ఆగాడు. "నాన్నా, ఈ చిన్న చిన్న అరలు దేనికి?"

"దీపాలు పెట్టుకోడానికి అయ్యుంటుందిరా."

వాడి వేలు ఎటు చూపిస్తోందో గమనించి గైడే చెప్పాడు, పిల్లలవని. ఆ వరసలో అవే ఎక్కువ.

మెట్లెక్కి ఎండలోకి వచ్చాక కూడా మన యాత్రికుడు వాడి చెయ్యి వదల్లేదు. చిన్న అరల సంగతి టూరువాడిచ్చిన కాయితంలో ఎక్కడా లేదు. ఈ లోపాన్ని కూడా నా ఫిర్యాదులో చేర్చుకోవలసిందిగా మనవి.