కంపెనీకి అప్పగిస్తే కౌంటీ బాధ్యత తీరిపోదు

"అమెరికా జైళ్లలో ఖైదీల భోగం చూడండి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపినవాళ్లు చదువుకున్నవాళ్లు, నాకు కావలసినవాళ్లు. విసుగు అందుకే. అక్కడి కౌంటీలు, అంటే జిల్లాల్లాంటివి, జైలు వైద్యాన్ని, భోజనాన్ని ప్రైవేటు కంపెనీలకు అప్పగించాయట. ఖర్చు తగ్గిందట, సేవలు మెరుగయ్యాయట, ప్రభుత్వానికి బాధ్యత తప్పిందట.

మెసేజ్‌తో వచ్చిన ఫొటోలోని భోజనం పళ్లెం ఏ జైలుదో ఎవరూ చెప్పలేదు, కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. "అందరూ నేరస్థులే కదా" అన్నదీ తప్పే. కౌంటీ జైళ్లలో ఉన్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఇంకా శిక్షే పడలేదు.

"మూడు పూటలా మంచి భోజనం" అట. భోజనానికి ఇంత అని రేటు కుదిరాక, పళ్లెంలో తగ్గించిన ప్రతిదీ లాభంలో కలుస్తుంది. ఆకలి తీరనివాడు జైలు దుకాణంలో నూడుల్స్ కొనుక్కోవాలి. చాలాచోట్ల ఆ అమ్మకాలపై కౌంటీకి కమిషన్ ముడుతుంది. మిగిలిన డబ్బు మనదే అన్నప్పుడు ఏమవుతుందో అలబామాలో చూశాం. భోజనాల పద్దులో మిగిలింది అక్కడి షెరీఫ్‌లు (కౌంటీ పోలీసు, జైలు అధిపతులు) సొంతానికి ఉంచుకునేవారు. మనిషికి రోజుకు రాష్ట్రం ఇచ్చేదే 1.75 డాలర్లు. అందులోనే మోర్గన్ కౌంటీ షెరీఫ్ మూడేళ్లలో 2,12,000 డాలర్లు మిగుల్చుకున్నాడు. ఖైదీలకు వారాల తరబడి రోజుకు రెండు పూటలా కార్న్‌డాగ్‌లే (పుల్లకు గుచ్చి, మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్‌లు) పెట్టాడు. చివరికి 2009లో ఫెడరల్ జడ్జి ఆ షెరీఫ్‌నే జైలుకు పంపారు.

"ఉచిత వైద్యం" కూడా అంతే. చాలా జైళ్లలో నర్సును చూడాలన్నా ఖైదీ ఖాతాలోంచి కొన్ని డాలర్లు కోస్తారు. ఇక కంపెనీకి చాలా కాంట్రాక్టుల్లో ఏడాదికి ఇంత అని ముందే కడతారు. ఖాళీగా ఉన్న నర్సు పోస్టు, పిలవని అంబులెన్సు, ఆసుపత్రికి పంపని రోగి దానికి మిగులే. రాయిటర్స్ 2020లో 500కు పైగా జైళ్ల మరణాల లెక్కలు తీసింది. 2016–18 మధ్య ప్రభుత్వమే వైద్యం నడిపిన జైళ్లకన్నా అయిదు పెద్ద కంపెనీల చేతిలోని జైళ్లలో మరణాల రేటు, కంపెనీని బట్టి, 18 నుంచి 58 శాతం ఎక్కువ. సేవలు మెరుగయ్యాయని ఏ ధైర్యంతో రాశారు?

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "ప్రభుత్వానికి బాధ్యత తప్పింది" అన్నది. కాంట్రాక్టు ఇచ్చినంత మాత్రాన ఖైదీకి వైద్యం అందించే రాజ్యాంగ బాధ్యత పోదని అమెరికా సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. అట్లాంటా దగ్గరి జాన్స్ క్రీక్, ఆల్ఫరెట్టాలలో ఇళ్లున్న మిత్రులారా, మీ ఆస్తి పన్ను వెళ్లేది ఫుల్టన్ కౌంటీకి. ఆ కౌంటీ జైల్లో వైద్యం చూసేది కాంట్రాక్టు కంపెనీయే. 2022లో చిన్న కేసులో పట్టుబడిన 35 ఏళ్ల మానసిక రోగి మూడు నెలలకు అక్కడి మానసిక వైద్య విభాగంలోని గదిలోనే చనిపోయాడు. ఒళ్లంతా నల్లులు. ఆయన పరిస్థితి దిగజారుతోందని అక్కడి సిబ్బందికి తెలుసు. మరుసటి ఏడాది ఆ కుటుంబానికి 40 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది కౌంటీ. ఏ బాధ్యత తప్పింది? ఎవరికి తప్పింది?

కంపెనీలు మాత్రం తప్పించుకోవడం నేర్చాయి. జైలు వైద్య కంపెనీ కొరైజన్ 2022లో నడుస్తున్న కాంట్రాక్టులను, ఆస్తులను కొత్త సంస్థకు మార్చి, తన మీది దావాలను, అప్పులను పాత సంస్థలోనే వదిలేసింది. మరుసటి ఏడాది ఆ పాత సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే వ్యాపారంలోని వెల్‌పాత్ 2024 నవంబరులో దివాలా రక్షణ కోరగానే చనిపోయినవారి కుటుంబాలు వేసిన కేసులు ఎక్కడివక్కడ ఆగాయి.

ఒక్కటి ఒప్పుకుంటాను. నలభై మంది ఖైదీలుండే పల్లె కౌంటీ సొంతంగా డాక్టర్లను, రాత్రిపూట నర్సులను పెట్టుకోలేదు. దానికి కాంట్రాక్టు తప్ప దారి లేకపోవచ్చు. అలాంటిచోట ఆసుపత్రి ఖర్చును కంపెనీ లాభంతో ముడిపెట్టకుండా, ఖాళీ పోస్టులకు డబ్బు కోసేలా ఒప్పందం రాసుకోవాలి. పెద్ద నగరాలకు ఆ సాకు లేదు. న్యూయార్క్ 2015లో కొరైజన్‌ను వద్దనుకుని, తన పెద్ద జైలు రైకర్స్‌లోని ఖైదీల వైద్యాన్ని తన ప్రభుత్వ ఆసుపత్రుల సంస్థకే అప్పగించింది. ఫుల్టన్ కౌంటీ ఆ పని ఎందుకు చేయదో అక్కడ పన్ను కట్టేవాళ్లు అడగవచ్చు. కౌంటీ కమిషన్ సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి సమయం ఇస్తారు.